95 శాతం ఇథనాల్ దొరకనప్పుడు స్మియర్ ఎలా ఫిక్స్ చెయ్యాలి: ప్రత్యామ్నాయ ఫిక్సేటివ్‌ల పూర్తి గైడ్

"ఇథనాల్ అయిపోయింది, ఎక్సైజ్ పర్మిట్ ఇంకా రెన్యువల్ అవ్వలేదు, రేపు పొద్దున్నే క్యాంప్ ఉంది, ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) వాడేయొచ్చా?" ఇలాంటి ప్రశ్న నెలకి రెండు మూడు సార్లు వస్తుంది నాకు. అడిగేవాళ్ళలో చిన్న ల్యాబ్‌ల టెక్నీషియన్లు ఉంటారు, డీఎంఎల్‌టీ అనే ల్యాబ్ కోర్సు చదివే పిల్లలుంటారు, పల్లెల్లో పాప్ స్మియర్లు తీసే సిస్టర్లుంటారు. ప్రతిసారీ ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు అంతా ఒకచోట వరసగా రాస్తున్నాను.

ఇది ముఖ్యంగా గాజు స్లైడ్ మీద రుద్దిన కణాల గురించి, అంటే పాప్ స్మియర్ (గర్భాశయ ముఖద్వారం నుంచి తీసేది), నోటి స్మియర్, ఎఫ్ఎన్ఏసీ (సన్న సూదితో గడ్డలోంచి తీసేది), ఒంట్లోంచి తీసిన నీళ్ళు. బయాప్సీ ముక్కలకి ఇది వర్తించదు, వాటికి ఫార్మలినే.

1. మొదలుపెట్టేముందు ఒక విషయం అర్థం చేసుకోండి

ఫిక్స్ చెయ్యడమంటే కణాన్ని ఉన్న ఆకారంలోనే నిలబెట్టడం, ఆ పని చేసే ద్రావణమే ఫిక్సేటివ్. ఆల్కహాల్ ఏం చేస్తుందంటే కణంలోని నీటిని లాగేసి ప్రోటీన్లని ఉన్నచోటే గడ్డకట్టిస్తుంది. గుడ్డు తెల్లసొన వేడికి గట్టిపడ్డట్టే అనుకోండి, ఇక్కడ వేడి బదులు ఆల్కహాల్. ఆ గట్టిపడటం కణం బతికున్నప్పటి ఆకారంలో జరగాలి. స్మియర్ గాలికి ఆరిపోయాక జార్‌లో వేస్తే ఆరిపోయి చెదిరిన ఆకారమే గట్టిపడుతుంది, ఆ తర్వాత ఎంత ఖరీదైన ఆల్కహాల్ పోసినా ఉపయోగం లేదు.

అందుకే నా దగ్గరికి "ఏ ఫిక్సేటివ్ మంచిది" అని వచ్చేవాళ్ళని ముందు "స్లైడ్ మీద రుద్దిన తర్వాత జార్‌లో పడటానికి ఎన్ని సెకన్లు పడుతోంది" అని అడుగుతాను. చెడిపోయిన స్మియర్లలో ఎక్కువ భాగం తప్పు ఆ సెకన్లదే, ఫిక్సేటివ్‌ది కాదు.

రెండో విషయం, ప్రతి ఆల్కహాల్ కణాన్ని ఒకే అంతగా కుదించదు. ఇథనాల్ కంటే మిథనాల్ తక్కువ కుదిస్తుంది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఎక్కువ కుదిస్తుంది. కాబట్టి 95 అన్న అంకెని పట్టుకుని అన్నిటికీ అదే వాడకూడదు, ఒక్కోదానికి దాని లెక్క ఉంది.

2. దేనికి బదులు ఏది, ఎంత గాఢతలో

95 శాతం ఇథనాల్‌కి బదులుగా సైటాలజీలో, అంటే కణాల పరీక్షలో, అందరూ ఒప్పుకున్నవి ఇవి:

- మిథనాల్: 100 శాతం, నీళ్ళు కలపకూడదు
- ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అంటే ఐపీఏ: 80 శాతం
- ప్రొపనాల్: ఇదీ 80 శాతమే
- డీనేచర్డ్ ఇథనాల్: 95 శాతం, రంగు కలపనిది అయితేనే
- అసిటోన్: 90 శాతం

రెక్టిఫైడ్ స్పిరిట్ దొరికితే అసలు బాధే లేదు, అది ఎలాగూ ఇంచుమించు 95 శాతం ఇథనాలే, నేరుగా పోసుకోవచ్చు. దానికీ పర్మిట్ కావాలి కాబట్టే కదా ఈ తిప్పలన్నీ.

పాతకాలంలో ఈథర్, 95 శాతం ఆల్కహాల్ సగం సగం కలిపి వాడేవాళ్ళు, పాపనికొలౌ గారి పద్ధతి అదే. ఫిక్సేషన్ బాగుంటుంది గానీ ఈథర్ ఆవిరికి నిప్పంటుకుంటే గది గదే పోతుంది, ఎవరైనా సలహా ఇచ్చినా వద్దనండి.

ఇక వాడకూడనివి. సర్జికల్ స్పిరిట్, హ్యాండ్ శానిటైజర్, నీలం రంగు స్పిరిట్, గ్లిజరిన్ కలిపిన రబ్. వీటిల్లో రంగో నూనో జిగురో ఇంకేదో ఉంటుంది, అది కణాల మీద పొరలా ఉండిపోయి రంగు సరిగ్గా పట్టనివ్వదు. సీసా మీద ఏముందో పూర్తిగా రాయకపోతే ఆ సీసా ముట్టుకోవద్దు.

3. ఐపీఏ 80 శాతం తయారు చేసే పద్ధతి

మన దగ్గర పర్మిట్ గొడవ లేకుండా తేలిగ్గా దొరికేది ఇదే, అందుకే దీని గురించి కొంచెం ఎక్కువ చెప్తాను.

కావలసినవి: 99 శాతం ఐపీఏ ల్యాబ్ గ్రేడ్, డిస్టిల్డ్ వాటర్, 500 మి.లీ. కొలజాడీ, మూత గట్టిగా పడే గాజు సీసా, లేబుల్.

1. కొలజాడీలో 404 మి.లీ. ఐపీఏ తీసుకోండి. లెక్క ఎలా వచ్చిందంటే కావలసిన 500ని 80తో గుణించి 99తో భాగిస్తే 404.
2. దాన్ని సీసాలోకి వంచి, అదే జాడీతో 96 మి.లీ. డిస్టిల్డ్ వాటర్ కొలిచి పొయ్యండి.
3. మూతపెట్టి నాలుగైదు సార్లు తలకిందులు చెయ్యండి. కొంచెం వెచ్చబడితే కంగారు పడొద్దు, చల్లారనిచ్చి వాడండి.
4. లేబుల్ మీద పేరు, శాతం, తయారు చేసిన తేదీ, చేసినవాళ్ళ పేరు రాయండి. "ఆల్కహాల్" అని మాత్రం రాసి వదిలేయొద్దు, ఏ ఆల్కహాలో తెలియని సీసా పనికిరాని సీసాతో సమానం.

మీ దగ్గర 70 శాతం ఐపీఏ ఎక్కువుండి 99 శాతం తక్కువుంటే అదీ సర్దుకోవచ్చు. 380 మి.లీ. 70 శాతం దాంట్లో 200 మి.లీ. 99 శాతం కలిపితే 580 మి.లీ. 80 శాతం వస్తుంది. ఆ 70 శాతం సీసాలో ఐపీఏ, నీళ్ళు తప్ప ఇంకేమీ లేదని లేబుల్ చూసి నిర్ధారించుకున్నాకే సుమా.

చాలామంది చేసే పొరపాటు ఏంటంటే "ఎంత గాఢంగా ఉంటే అంత బాగా ఫిక్స్ అవుతుంది" అనుకుని 99 శాతం ఐపీఏ అలాగే పోసేస్తారు. అప్పుడు కణాలు ఎక్కువ కుదించుకుపోతాయి, న్యూక్లియస్ చిన్నగా నల్లగా ముద్దలా కనిపిస్తుంది, లోపలి క్రొమాటిన్ ఎలా ఉందో చూడటానికే కదా అంత కష్టపడేది, అదే కనపడదు. చూసే డాక్టర్‌కి నల్లటి న్యూక్లియస్ అంటే అనుమానం రావడం సహజం, ఆ అనుమానం పేషెంట్ దాకా వెళ్తుంది. ఆ 96 మి.లీ. నీళ్ళు మర్చిపోకండి.

4. మిథనాల్ వాడేటప్పుడు

నాణ్యత పరంగా చూస్తే నా ఓటు మిథనాల్‌కే. తక్కువ కుదిస్తుంది, న్యూక్లియస్ వివరాలు చక్కగా నిలుస్తాయి, ఎంజీజీ లేదా జీమ్సా అనే రంగులు వేసే ల్యాబ్‌లో ఎలాగూ ఒక సీసా ఉంటుంది. లిక్విడ్ బేస్డ్ సైటాలజీలో (కణాలని ద్రావణం ఉన్న చిన్న సీసాలో వేసి పంపే పద్ధతి) వాడే థిన్‌ప్రెప్ వయల్‌లో ఉండే ద్రావణం కూడా మిథనాల్ ఆధారితమే.

చిక్కల్లా అది విషం అవడం. కొన్ని మిల్లీలీటర్లు కడుపులోకి పోయినా కళ్ళు పోవచ్చు, ప్రాణమే పోవచ్చు, చర్మం గుండా కూడా లోపలికి వెళ్తుంది. పైగా అది మండుతుంటే మంట వెలుతురులో సరిగ్గా కనపడదు. అందుకని:

- నైట్రైల్ గ్లౌజ్ వేసుకునే పోయండి, తడిస్తే వెంటనే మార్చండి
- కిటికీ తెరిచి ఉన్నచోట లేదా ఫ్యూమ్ హుడ్‌లో పని చెయ్యండి
- వాటర్ బాటిల్‌లో, కూల్‌డ్రింక్ సీసాలో ఎట్టి పరిస్థితుల్లోనూ పోసి క్యాంపుకి తీసుకెళ్ళొద్దు
- సీసా మీద తెలుగులో పెద్ద అక్షరాలతో "విషం, తాగరాదు" అని రాయండి, ఊడ్చే అమ్మకి కూడా చదివి చెప్పండి
- స్టాక్ రిజిస్టర్‌లో ఎంత వచ్చింది ఎంత వాడారు రాయండి, కొనేముందు మీ రాష్ట్రంలో లైసెన్స్ సంగతి సప్లయర్‌ని అడగండి

పిల్లలూ పెద్దలూ తిరిగే బడి వరండాలో క్యాంప్ పెడుతుంటే నేనైతే మిథనాల్ తీసుకెళ్ళను, ఐపీఏ తీసుకెళ్తాను. ల్యాబ్ లోపల మాత్రం మిథనాల్.

5. స్లైడ్ ఫిక్స్ చేసే వరస

ఏ ద్రావణం పోసినా వరస ఇదే. క్యాంప్ మొదలయ్యే ముందు ఒకసారి ఉత్తి స్లైడ్‌తో రిహార్సల్ చేసుకోండి.

1. పేషెంట్ కూర్చోకముందే స్లైడ్ మీద పేరు, నంబరు పెన్సిల్‌తో రాసేయండి. ఫ్రాస్టెడ్ అంచు (గరుకుగా ఉండే అంచు) ఉంటే మామూలు పెన్సిల్ చాలు, లేకపోతే డైమండ్ పెన్సిల్. మార్కర్‌తో రాస్తే ఆల్కహాల్‌లో కరిగి పోతుంది, ఎవరి స్లైడ్ ఎవరిదో తెలియని పరిస్థితి వస్తుంది.

2. కాప్లిన్ జార్‌లో (స్లైడ్‌లు నిలబెట్టే గాడులున్న జార్) ఫిక్సేటివ్ ఫ్రాస్టెడ్ అంచు దాకా నింపండి. సగం జార్ పోసి సరిపెట్టొద్దు.

3. జార్ మూత తీసి చేతికి అందే దూరంలో పెట్టండి. సిస్టర్ గరిటెతో (స్పాట్యులా) నమూనా తీస్తుంటే మీరు పక్కనే నిలబడండి. "సిస్టర్, జార్ ఇక్కడే ఉంది, రుద్దగానే నాకివ్వండి" అని ముందే అనుకోండి.

4. ఫ్యాన్ ఆపండి. ఇది చాలామంది నవ్వి వదిలేస్తారు గానీ మే నెలలో మన గదుల్లో ఫ్యాన్ కింద పల్చటి స్మియర్ ఆరడానికి పది సెకన్లు కూడా పట్టదు.

5. ఒకే కదలికతో పల్చగా రుద్దండి, ముందుకీ వెనక్కీ రుద్దితే కణాలు నలిగిపోతాయి. రుద్దిన వెంటనే, ఇంకా తడిగా మెరుస్తుండగానే, ఒకే ఊపున జార్‌లో ముంచండి. ముంచి తీసి ముంచి తీసి చెయ్యొద్దు.

6. ఒక జార్‌లో ఎక్కువ స్లైడ్‌లు పెట్టాల్సి వస్తే స్లైడ్ విడిచి స్లైడ్‌కి పై అంచున పేపర్ క్లిప్ పెట్టండి. రెండు స్లైడ్‌లు అతుక్కోకుండా మధ్యలో సందు ఉంటుంది. రూపాయి ఖర్చు లేని ఈ చిన్న పని ఎన్ని స్మియర్లని కాపాడిందో నాకు తెలుసు.

7. కనీసం 15 నిమిషాలు ఉంచండి. అరగంట ఉంచినా నష్టం లేదు. మూత గట్టిగా ఉంటే కొన్ని రోజులు కూడా ఉంచొచ్చు, అసిటోన్‌లో మాత్రం అలా వదిలేయొద్దు.

8. దూరం పంపాలంటే 15 నిమిషాలు నిండాక తీసి ఆరబెట్టి ప్లాస్టిక్ స్లైడ్ మెయిలర్‌లో పెట్టి పంపండి. ఫిక్స్ అయ్యాక ఆరితే ఇబ్బంది లేదు, ఫిక్స్ అవ్వకముందు ఆరితేనే గొడవ.

మూడేళ్ళ కిందట నేను వెళ్ళిన ఒక క్యాంపులో జరిగింది చెప్తాను. పొద్దున జార్ నిండుగానే పోశాను, మూత తీసి పెట్టేసి పనిలో పడ్డాను, నలభై డిగ్రీల ఎండ, మధ్యాహ్నానికి ఆల్కహాల్ ఆవిరై జార్‌లో సగానికి దిగింది, నేను గమనించలేదు. ల్యాబ్‌కి వచ్చి రంగు వేసి మైక్రోస్కోప్ కింద పెడితే ఒకే స్లైడ్ మీద రెండు లోకాలు కనపడ్డాయి. కింది సగంలో కణాలు ఎంత ముచ్చటగా ఉన్నాయంటే ఇంటర్మీడియట్ కణాలు నీలి ఆకుపచ్చలో, సూపర్‌ఫీషియల్ కణాలు గులాబీలో, న్యూక్లియస్ అంచు గీత గీసినట్టు ఉంది. అక్కణ్ణించి స్టేజీ పైకి జరుపుతుంటే ఒక గీత దగ్గర మొదలై కణాలన్నీ ఒకే ఎరుపు నారింజ రంగులోకి మారిపోయాయి, న్యూక్లియస్‌లు ఉబ్బి పాలిపోయి నీళ్ళల్లో సిరా చుక్క కరిగినట్టు అంచులే లేవు. ఒకే మనిషి, ఒకే గరిటె, ఒకే స్లైడ్. ఆ రోజు ఆ జార్‌లో ఉన్న ఎనిమిది మందిని మళ్ళీ పిలిపించాల్సి వచ్చింది, అందులో ఇద్దరు కూలి పని మానుకుని వచ్చారు. అప్పటినుంచి గంట గంటకీ జార్‌లో మట్టం చూడటం, స్లైడ్ వెయ్యగానే మూత పెట్టడం నాకు అలవాటైపోయింది.

6. స్ప్రే ఫిక్సేటివ్‌లు

జార్ మొయ్యడం కష్టమైన చోట స్ప్రే పనికొస్తుంది. ఇందులో ఆల్కహాల్‌తో పాటు పాలిథిలీన్ గ్లైకాల్ అనే మైనం లాంటి పదార్థం ఉంటుంది, ఆల్కహాల్ ఫిక్స్ చేసి ఆవిరైపోతే మైనం పైన పొరలా నిలిచి కణాన్ని కాపాడుతుంది.

- స్లైడ్‌ని పడుకోబెట్టి పైనుంచి 15 నుంచి 25 సెం.మీ. దూరంలో స్ప్రే చెయ్యండి. మరీ దగ్గరనుంచి కొడితే గాలి తాకిడికి కణాలు పక్కకి కొట్టుకుపోయి మధ్యలో గుండ్రటి ఖాళీ వస్తుంది.
- స్మియర్ మొత్తం తడిసేలా ఒకటి రెండు సార్లు కొట్టి కదపకుండా పూర్తిగా ఆరనివ్వండి, పది నిమిషాలు అనుకోండి. తడిగా ఉండగా పెట్టెలో పెడితే స్లైడ్‌లు అతుక్కుంటాయి.
- ల్యాబ్‌లో రంగు వేసేముందు 95 శాతం ఆల్కహాల్‌లో కనీసం పది నిమిషాలు నానబెట్టి ఆ మైనం పొరని కడిగెయ్యాలి. ఈ మెట్టు మర్చిపోతే స్లైడ్ అంతా మసక, రంగు మచ్చలు మచ్చలుగా పడుతుంది. అప్పుడు అందరూ స్టెయిన్ బాగోలేదు అని కొత్త సీసా కొంటారు.

హెయిర్ స్ప్రే వాడొచ్చా అని అడుగుతారు. ఆల్కహాల్ ఎక్కువగా, నూనె తక్కువగా ఉన్న హెయిర్ స్ప్రేలని ఏమీ దొరకని చోట్ల వాడిన మాట నిజమే. కానీ ఇప్పుడొచ్చే వాటిల్లో సువాసనలు, సిలికాన్, కండిషనర్ ఏవేవో కలుపుతున్నారు. ముందుగా పరీక్షించుకోని హెయిర్ స్ప్రేని పేషెంట్ స్లైడ్ మీద కొట్టొద్దు.

7. నెత్తురు ఎక్కువున్న స్మియర్లు, నీళ్ళు

నెత్తురు కప్పేసిన స్మియర్‌కి కార్నాయ్ ఫిక్సేటివ్ మంచిది, ఎర్ర కణాలని కరిగించేస్తుంది. ఇథనాల్ 60 మి.లీ., క్లోరోఫామ్ 30 మి.లీ., గ్లేషియల్ ఎసిటిక్ యాసిడ్ 10 మి.లీ. ఏ రోజుకారోజు ఫ్యూమ్ హుడ్‌లో కలపండి, నిన్నటిది వాడొద్దు. స్లైడ్‌ని 3 నుంచి 5 నిమిషాలు మాత్రమే ఉంచి 95 శాతం ఆల్కహాల్‌లోకి మార్చండి. 15 నిమిషాలు దాటితే న్యూక్లియస్‌కి రంగు పట్టే గుణం పోతుంది, కాబట్టి టైమర్ పెట్టుకోకుండా కార్నాయ్ జోలికి వెళ్ళొద్దు.

ప్లూరల్ ఫ్లూయిడ్ (ఊపిరితిత్తుల చుట్టూ చేరిన నీళ్ళు), అసైటిక్ ఫ్లూయిడ్ (పొట్టలో చేరిన నీళ్ళు), మూత్రం లాంటివి వెంటనే ల్యాబ్‌కి చేరే వీలుంటే అసలు ఏమీ కలపకుండా ఫ్రిజ్‌లో పెట్టి పంపడమే ఉత్తమం. ఆలస్యం తప్పదంటే సమానంగా 50 శాతం ఆల్కహాల్ కలపండి. 95 శాతం నేరుగా పోస్తే ప్రోటీన్ అంతా గట్టి ఉండలా అయిపోతుంది, ఆ ఉండలోంచి కణాలని బయటికి తియ్యడం ఎవరి తరం కాదు. కఫానికి సకొమానో ద్రావణం వాడతారు, అంటే 50 శాతం ఆల్కహాల్‌లో 2 శాతం పాలిథిలీన్ గ్లైకాల్.

8. ఏ ఆల్కహాలూ లేనప్పుడు: ఆరబెట్టి తిరిగి తడపడం

ఇది చాలామందికి తెలియదు, తెలిస్తే నమ్మరు. స్మియర్‌ని గాలికి ఆరనిచ్చి ల్యాబ్‌కి తెచ్చి నార్మల్ సెలైన్‌లో 30 సెకన్లు ముంచి వెంటనే 95 శాతం ఆల్కహాల్‌లోకి మారిస్తే కణాలు చాలావరకు తిరిగి తమ ఆకారానికి వస్తాయి. సెలైన్‌కి ఇంకో లాభం, నెత్తురు కూడా కరిగిపోయి వెనక తెర (బ్యాక్‌గ్రౌండ్) శుభ్రంగా ఉంటుంది. సెలైన్ బదులు సగం గ్లిజరిన్ సగం నీళ్ళు కలిపి 3 నిమిషాలు ఉంచి, తర్వాత 95 శాతం ఆల్కహాల్‌లో రెండుసార్లు కడిగే పద్ధతి కూడా ఉంది.

ఎంత తొందరగా తడిపితే అంత బాగా వస్తుంది. గంటల్లో అయిపోవాలి, మర్నాడు అనుకుంటే కుదరదు. తడిపి ఫిక్స్ చేసేది ల్యాబ్‌లోనే కాబట్టి ల్యాబ్‌లో ఏదో ఒక ఆల్కహాల్ సిద్ధంగా ఉండాలి, ఐపీఏ 80 అయినా సరే.

ఎఫ్ఎన్ఏసీలో కావాలని ఆరబెట్టే స్లైడ్‌ల సంగతి వేరు. అవి ఎంజీజీ కోసం, వాటిని పూర్తిగా ఆరాక మిథనాల్‌లో పది పదిహేను నిమిషాలు ఫిక్స్ చేస్తాం. ఆరీ ఆరకుండా సగం తడిగా మిథనాల్‌లో వేస్తే అటూ కాదు ఇటూ కాదు.

9. తేనె, బెల్లం గురించి

ఇది కూడా తరచూ అడుగుతున్నారు కాబట్టి చెప్పాలి. నోటి స్మియర్లని 20 శాతం తేనె ద్రావణంలో ఫిక్స్ చేసి ఇథనాల్‌తో పోల్చి దగ్గర దగ్గర ఫలితాలు వచ్చాయని మన దేశంలో డెంటల్ కాలేజీల వాళ్ళు ప్రచురించారు. బెల్లం నీళ్ళ మీద పరిశోధనలు ఎక్కువగా టిష్యూ ముక్కల మీద జరిగాయి. విషం కాదు, చవక, పర్మిట్ అక్కర్లేదు, ఆలోచన నాకు నిజంగా నచ్చింది.

అయినా పేషెంట్ నమూనాకి ఇప్పుడే వాడొద్దంటాను. ఒక ఊరి బెల్లం ఇంకో ఊరి బెల్లం ఒకలా ఉండవు, ద్రావణం మన వేడికి పులుస్తుంది, బూజు పడుతుంది, బూజు తంతువులు స్మియర్‌లో కనపడితే ఫంగల్ ఇన్ఫెక్షన్ అని రాసే ప్రమాదం ఉంది. పీజీ విద్యార్థులు ప్రాజెక్టుగా చెయ్యాలనుకుంటే మాత్రం ఎథిక్స్ కమిటీ అనుమతితో తప్పకుండా చెయ్యండి, అలాంటి పని ఇంకా జరగాలి.

10. మార్చేముందు పక్కపక్కన పెట్టి చూడండి

ఈ మెట్టు దాటేసి నేరుగా పేషెంట్ స్లైడ్‌లకి కొత్త ఫిక్సేటివ్ వాడేవాళ్ళే ఎక్కువ. ఒక్క పూట పని, దయచేసి చెయ్యండి.

1. ఒప్పుకున్న పది మంది స్టాఫ్ దగ్గర నోరు పుక్కిలించమని చెప్పి బుగ్గ లోపలి నుంచి ఒక్కొక్కరికి రెండు స్మియర్లు తియ్యండి.
2. ఒకటి పాత ఫిక్సేటివ్‌లో, ఒకటి కొత్తదాంట్లో, రెండూ ఒకే సమయం ఉంచండి.
3. స్లైడ్‌ల మీద కోడ్ నంబర్లే రాసి, ఏది దేంట్లోదో ఒక కాగితం మీద విడిగా రాసి దాచండి.
4. అన్నిటికీ ఒకే బ్యాచ్‌లో పాప్ స్టెయిన్ చెయ్యండి.
5. కోడ్ తెలియని పాథాలజిస్ట్ మేడమ్‌కో సార్‌కో ఇచ్చి న్యూక్లియస్ స్పష్టత, సైటోప్లాజం రంగు, కణం ఆకారం, వెనక తెర శుభ్రత, ఈ నాలుగింటికీ 0, 1, 2 మార్కులు వెయ్యమనండి.
6. అప్పుడు కోడ్ విప్పి లెక్క చూడండి. కొత్తది ఏ విషయంలో వెనకబడిందో తెలిస్తే అక్కడ సరిచెయ్యొచ్చు, చాలాసార్లు గాఢతో సమయమో మార్చితే సరిపోతుంది.

11. తేడా వచ్చినప్పుడు ఎక్కడ వెతకాలి

- న్యూక్లియస్ ఉబ్బి పాలిపోయి, అన్ని కణాలూ ఎర్రగా: ఫిక్స్ అవ్వకముందే ఆరింది. ఫ్యాన్, దూరం, జార్ మట్టం చూడండి.
- న్యూక్లియస్ ముడుచుకుని నల్లగా: ఐపీఏలో నీళ్ళు కలపలేదు లేదా అసిటోన్‌లో ఎక్కువసేపు ఉంది.
- మసక పొర, మచ్చల రంగు: స్ప్రే మైనం కడగలేదు.
- కణాలు ఊడిపోవడం: స్మియర్ మందంగా ఉంది, లేదా ఆల్కహాల్ వాడి వాడి పల్చబడింది.
- వేరే ఫోకస్‌లో తేలుతూ సంబంధం లేని కణాలు: ముందు పేషెంట్ కణాలు జార్‌లో ఉండిపోయి అతుక్కున్నాయి. ఇది అన్నిటికంటే ప్రమాదం, ఒకరి క్యాన్సర్ కణం ఇంకొకరి స్లైడ్ మీద పడితే ఏమవుతుందో ఆలోచించండి. ఫిక్సేటివ్‌ని ప్రతి బ్యాచ్ తర్వాత ఫిల్టర్ పేపర్‌తో వడకట్టండి లేదా మార్చేయండి.
- ఎంజీజీ స్లైడ్ నీలి ఆకుపచ్చగా: ఫార్మలిన్ ఆవిరి తగిలింది. ఫిక్స్ అవ్వని స్లైడ్‌ల పెట్టెలో బయాప్సీ డబ్బా పెట్టకండి.
- కణాల మీద గోధుమరంగు పొరలు, కార్న్‌ఫ్లేక్స్‌లా: ఇది ఫిక్సేటివ్ తప్పు కాదు. కవర్‌స్లిప్ పెట్టేముందు జైలీన్ ఆవిరై గాలి చిక్కుకుంది. కవర్‌స్లిప్ తీసి జైలీన్, ఆల్కహాల్, నీళ్ళ దాకా వెనక్కి తీసుకెళ్ళి మళ్ళీ రంగు వెయ్యండి.

అసిటోన్ గురించి ఇంకొక్కటి, అది పాలిస్టైరీన్ ప్లాస్టిక్ జార్‌లని కరిగించేస్తుంది, గాజు జార్‌లోనే పొయ్యండి. దాని ఫ్లాష్ పాయింట్, అంటే నిప్పు తగిలితే ఆవిరి అంటుకునే కనీస వేడి, సున్నాకి 20 డిగ్రీలు కింద, మిథనాల్, ఐపీఏలది 11, 12 దగ్గర. అంటే మన గది వేడిలో ఇవన్నీ ఎప్పుడూ మండటానికి సిద్ధంగానే ఉంటాయి. స్పిరిట్ ల్యాంప్, స్టవ్, స్విచ్‌బోర్డ్ దగ్గర పెట్టొద్దు.

12. క్యాంప్ రోజు చెక్‌లిస్ట్, రిక్వెస్ట్ ఫామ్

- ఫిక్సేటివ్ సీసా, లేబుల్‌తో, కావలసినదానికి ఒకటిన్నర రెట్లు
- గాజు జార్‌లు, మూతలు, పేపర్ క్లిప్‌లు
- పెన్సిల్, స్లైడ్‌లు, గరిటెలు, బ్రష్‌లు
- టైమర్, ఫోన్‌లోదైనా సరే
- గ్లౌజ్
- వాడేసిన ఆల్కహాల్ కోసం మూతున్న ఖాళీ డబ్బా. దాన్ని సింక్‌లో పొయ్యకండి, 2016 బయోమెడికల్ వేస్ట్ నిబంధనల ప్రకారం కెమికల్ వేస్ట్ పసుపు కేటగిరీ, మీ దగ్గర చెత్త తీసుకెళ్ళే ఏజెన్సీకే ఇవ్వండి.

ఫామ్ మీద "ఫిక్స్డ్" అని ఒక్క మాట రాసి వదిలెయ్యకుండా ఇలా రాయండి: "ఐపీఏ 80 శాతం, వెట్ ఫిక్సేషన్, 20 నిమిషాలు, తర్వాత ఆరబెట్టి పంపాం." స్ప్రే అయితే "స్ప్రే, కడగలేదు" అని, తిరిగి తడిపితే "ఆరిన స్మియర్, సెలైన్ 30 సెకన్లు, ఎన్ని గంటల తర్వాత" అని. మైక్రోస్కోప్ దగ్గర కూర్చున్నవాళ్ళకి ఆ ఒక్క లైన్ ఉంటే తాము చూస్తున్న న్యూక్లియస్ జబ్బు వల్ల అలా ఉందా, ద్రావణం వల్ల అలా ఉందా అన్నది తేల్చుకోవడానికి ఒక ఆధారం దొరుకుతుంది.